గుత్తి సాలీడా, కుందేటి కొమ్మా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అపార్ట్‌మెంటులో కుక్కను ఉంచుకోనివ్వరని ఒక గాజుపెట్టెలో నీలంరంగు టరంటులా సాలీడును పెంచుతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చూపించి, "అమ్మా, ఇది మన గుత్తిది. నీ బాల్కనీలో ఉన్న సక్యులెంట్ మొక్కల కంటే దీనికే చాకిరీ తక్కువ" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పందెం కట్టుకున్నాం, తీర్పు మీరు చెప్పాలి. నా దగ్గర పదిహేను కుండీలు ఉండేవి, ఈ వానాకాలం తర్వాత పదకొండు మిగిలాయి. అసలు ఆ సాలీడుకి గుత్తి పేరెందుకు వచ్చింది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న నాకే వచ్చి పడిందంటే రాసిపెట్టి ఉందనుకోవాలి. నేను పుట్టింది అనంతపురం జిల్లా గుత్తిలో. మా నాన్నగారు రైల్వేలో గూడ్సు గార్డు. పదో తరగతి దాకా స్టేషన్ వెనకాల క్వార్టర్సులోనే పెరిగాను. యార్డులో దుంగలు, పాత స్లీపర్లు పేర్చి ఉండేవి. ఎండాకాలం సాయంత్రాలు వాటి మీద కూర్చుని చింతకాయలకు ఉప్పు అద్దుకుని తినేవాళ్లం. సరిగ్గా అలాంటి కట్టెల గుట్టలోనే, మా తాతల కాలంలో, ఆ సాలీడు దొరికిందని నాకు రిటైరయ్యేదాకా తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. సాలీళ్లు జువాలజీ మాస్టారి ఖాతా కదా, నేను అటు చూడలేదు. ఒక పాత విద్యార్థి దాని ఫోటో పంపితే "నెమలికంఠం రంగులో సాలీడేమిట్రా, ఇది కంప్యూటర్లో చేసిన బొమ్మ" అని తిట్టి జవాబిచ్చాను కూడా. వాడు పాపం ఏమీ అనలేదు.

జరిగింది ఇది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో ఈ జాతిని వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చింది ఒకే ఒక్క ఆడ సాలీడు, అదీ గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. దొరికిన ఊరు గుత్తి కాబట్టి ఆ పేరు అతుక్కుంది. ఆ తర్వాత వందేళ్లు దాన్ని మళ్లీ చూసినవాళ్లు లేరు. 2001లో మళ్లీ కనబడింది, అయితే గుత్తిలో కాదు. ఇంచుమించు వంద కిలోమీటర్ల అవతల, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య ఉన్న రిజర్వు అడవిలో. అంటే మా ఊరికి అది చుట్టపుచూపుగా వచ్చింది. అడవిలో కొట్టిన కలపతో పాటు, ఏదో దుంగ తొర్రలో నక్కి, టికెట్ లేకుండా రైలెక్కి వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. గార్డు కొడుకుని కాబట్టి నాకు ఆ ఊహ బాగా నచ్చింది.

ఇక పందెం సంగతి. మీ కుండీల్లో ఏయే మొక్కలున్నాయో రాయలేదు. "సక్యులెంట్" అంటే ఒక మొక్క కాదు, ఆకుల్లోనో కాడల్లోనో నీళ్లు దాచుకునే ఒక బతుకు తీరు. కలబంద, రణపాల, నర్సరీలో గులాబీ పువ్వులా కనిపించే ఎకివేరియా అన్నీ అందులోకే వస్తాయి. అందుకని సాలీడుకి సరిజోడుగా మన సీమ మొక్కనే నిలబెడతాను: కుందేటి కొమ్ము. అనంతపురం, కడప వైపు రాళ్లగుట్టల మీద ముళ్లకంపల నీడలో పెరుగుతుంది. ఆకులుండవు. నాలుగు పలకల పచ్చటి కాడలు మూరెడు ఎత్తున నిలబడి, కొస సన్నబడి, అక్కడ చిన్న ఊదారంగు పువ్వులు తలవంచుకుని వేలాడతాయి. కుందేలుకి కొమ్ములుండవు కదా, లేనిదాని పేరు ఉన్నదానికి ఎలా పెట్టారో అని క్లాసులో ప్రతి ఏడాదీ ఒకడైనా అడిగేవాడు. కంపల కింద ఆ కాడల జత పైకి పొడుచుకు రావడం ఒకసారి చూస్తే ఇంక అడగరు.

దీని పేరు సంగతి గుత్తి కథకేమీ తీసిపోదు. ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో సామర్లకోట దగ్గర పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గురించి 1795లో అచ్చయిన పుస్తకంలో ఈ మొక్కను వర్ణించాడు. తెలుగువాళ్లు దీన్ని "కార్-అల్లం" అంటారనీ, కాడలు పచ్చివే తింటారనీ, రుచి చేదుగా ఉప్పగా ఉంటుందనీ రాశాడు. అంటే దొరగారు నమిలి చూశారన్నమాట. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ తెలుగు మాటనే లాటిన్ చేసి "కారలూమా" అనే ప్రజాతిని, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపును, ఏర్పాటు చేశాడు. ఆఫ్రికాలో, అరేబియాలో పెరిగే మొక్కలు కూడా ఈ తెలుగు పేరు మోస్తున్నాయి. ఈమధ్య కొందరు శాస్త్రజ్ఞులు కారలూమాను సెరోపీజియా అనే మరో ప్రజాతిలో కలిపేశారు. నేనైతే పాత పేరే వాడతాను. ఇందులో నాకు కొంచెం పక్షపాతం ఉందని ఒప్పుకుంటున్నాను.

పైకి ఈ రెండింటికీ పోలికేముంది అనిపిస్తుంది. నిజానికి రెండింటినీ నిలబెట్టేది నీళ్లే. కుందేటి కొమ్ముకి కలప లేదు. కణాల్లో నిండిన నీటి ఒత్తిడితోనే కాడ నిటారుగా ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లు తగ్గితే పలకలు లోపలికి పీక్కుపోయి ఎముకలు తేలిన మనిషిలా కనిపిస్తుంది. సాలీడు కాళ్లు మడవడానికి కండరాలున్నాయి కానీ, ముఖ్యమైన కీళ్ల దగ్గర వాటిని చాపడానికి కండరాలు లేవు. ఒంట్లో ద్రవాన్ని కాళ్లలోకి నెట్టి, ఆ ఒత్తిడితో చాపుతుంది. జేసీబీ చెయ్యి నూనె ఒత్తిడితో లేచినట్టే. చచ్చిన సాలీడు కాళ్లు ముడుచుకుని ఎందుకుంటుందంటే నెట్టే ఒత్తిడి పోయింది కాబట్టి. బతికున్న సాలీడు కాళ్లు కూడా లోపలికి ముడుచుకుపోతుంటే, చాలాసార్లు దానికి నీళ్లు అందడం లేదని అర్థం. మీ అబ్బాయికి ఈ ఒక్క ముక్క తప్పకుండా చెప్పండి. డాలస్ ఏసీ గది గాలి పొడిగా ఉంటుంది. పెట్టెలో చిన్న మూతంత నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

రెండూ రాత్రి ఉద్యోగస్తులే. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే నీళ్లు ఆవిరైపోతాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో అలా ఖర్చు పెడితే ఇల్లు గడవదు. అందుకే కుందేటి కొమ్ము లాంటి మొక్కలు రాత్రి చల్లబడ్డాక కాడ మీది రంధ్రాలు తెరిచి, పీల్చిన బొగ్గుపులుసు గాలిని మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పొద్దున తలుపులు మూసుకుని ఆ దాచిన దానితో వంట చేసుకుంటాయి. దీన్ని మొదట పట్టుకున్నది నాలుక. మన ప్రాంతంలోనే కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన బెంజమిన్ హైనే, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రం చేదుగా ఉందని రాస్తే అది 1815లో అచ్చయింది. నేనూ ప్రతి ఏడాదీ పిల్లలతో రణపాల ఆకు మొదటి పీరియడ్‌లో ఒకసారి, ఆఖరి పీరియడ్‌లో ఒకసారి కొరికించేవాణ్ణి. పాఠం మర్చిపోయినవాళ్లకి కూడా ఆ పులుపు గుర్తుంది. మీ బాల్కనీలో రణపాల ఉంటే రేపు ఆరింటికి ఒక చిన్న ముక్క నమిలి చూడండి.

సాలీడు కూడా పగలంతా చెట్టు తొర్రలో, తను అల్లుకున్న గొట్టం లాంటి గూడులో దాక్కుని, చీకటి పడ్డాక గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. పొట్ట కింద పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉండే ఊపిరితిత్తులు దానివి. చిన్న చీలికల్లోంచి గాలి వెళ్తుంది, అక్కడే తేమ కూడా పోతుంది. దానికీ ఒంటి మీద మైనపు పూత ఉంది, కుందేటి కొమ్ముకీ ఉంది.

మీవి నాలుగు కుండీలు వానాకాలంలో పోయాయన్నారు. ఎండకు కాదు, నీళ్లకే పోయి ఉంటాయి. నేను బోటనీ మాస్టారినై ఉండి చేసిన పని చెబుతాను వినండి. గుట్ట మీది నుంచి తెచ్చిన కుందేటి కొమ్మును, అడుగున చిల్లి లేని పింగాణీ కుండీలో, మంచి ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి ముద్దుగా నాటాను. మా ఆవిడ పొద్దున పోసేది, నేను సాయంత్రం పోసేవాణ్ణి, ఒకరికొకరం చెప్పుకోలేదు. మూడు వారాల్లో మొదలు గోధుమరంగుకి తిరిగి చల్లపులుసులో ముక్కలా మెత్తబడింది. దీనికి కావలసింది సగానికి సగం గరుకు ఇసుకా చిన్న కంకరా కలిసిన మట్టి, చిల్లులున్న మట్టికుండీ, మట్టి పూర్తిగా ఎండాక మాత్రమే నీళ్లు, ముసురు పట్టినప్పుడు చూరు కింద చోటు. మెత్తబడిన మొక్కలో ఇంకా గట్టిగా ఉన్న కొస మిగిలి ఉంటే కోసి, నాలుగైదు రోజులు నీడలో పడేసి, కోసిన చోట ఆరి బెరడు కట్టాక నాటండి. మీ నాలుగింటిలో ఒకటి రెండు తిరిగి రావచ్చు.

సాలీడుకీ ఇదే జబ్బు. తేమ కావాలి కదా అని రోజూ నీళ్లు చిమ్మి, గాలి ఆడని పెట్టెలో ఉంచితే బూజు పట్టి చస్తుంది. నీళ్లు తక్కువైతే రెండూ కొన్నాళ్లు ఓర్చుకుంటాయి, గాలి లేని తడిని మాత్రం ఓర్చుకోవు.

మరి చాకిరీ ఎవరిది తక్కువ? లెక్కకి చూస్తే మీవాడిదే. పెద్ద సాలీడుకి వారం పది రోజులకి ఒక కీచురాయి వేస్తే చాలు. నిలువుగా ఎత్తైన పెట్టె, ఆనించిన బెరడు ముక్క, నీళ్ల గిన్నె, అంతే సంసారం. దానికి ఎండ అక్కర్లేదు, వెలుతురంటేనే పరుగు. మీ మొక్కలకి ఎండ చూడాలి, కుండీ తిప్పాలి, పిండినల్లి పడితే దూదితో తుడవాలి.

కానీ నేను తీర్పు మీ వైపే ఇస్తాను. మొక్క తన కష్టం మొహం మీదే చూపిస్తుంది. ముడత పడిందంటే దాహం, మెత్తబడిందంటే నీళ్లెక్కువ, సన్నగా సాగిపోతే వెలుతురు తక్కువ. చూసి సరిచేసుకోవడానికి వారాల వ్యవధి ఇస్తుంది. సాలీడు అంత తేలిగ్గా చెప్పదు. కుబుసం విడిచే ముందు వారాల తరబడి తిండి మానేస్తుంది. అది జబ్బో, మామూలో కొత్తవాడికి తెలియదు. కుబుసం విడిచేటప్పుడు వెల్లకిలా పడుకుంటుంది, చచ్చిందనుకుని చెత్తలో పారేసినవాళ్లున్నారట. ఇంకో మాట, మీవాడిది ఆడదో మగదో అడగండి. ఆడది పదేళ్లు దాటి బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లే. మగదైతే ఆఖరి కుబుసం విడిచాక ఎంత బాగా చూసుకున్నా ఎక్కువ కాలం ఉండదు. కుందేటి కొమ్ముకి ఆ బెంగ లేదు, పాతది పోయేలోపు పక్కన పది కాడలు లేపుతుంది.

ముట్టుకోవద్దని కూడా చెప్పండి. ఇది మహా వేగంగా కదిలే సాలీడు, పిరికిది. నేను దీన్ని కళ్లారా చూసింది ఒక్కసారే, అదీ న్యూజెర్సీలో మా అమ్మాయి వాళ్ల పక్కింటి కుర్రాడి గదిలో. అతను బెరడు కొంచెం కదిపాడు, నాకు ఒక్క క్షణం నీలం మెరుపు, పసుపు చుక్క కనిపించాయి, అంతే, మాయం. మాది గుత్తి అని తెలిశాక ఆ కుర్రాడు లేచి నిలబడి, ఊరి పేరు సరిగ్గా ఎలా పలకాలో నా చేత నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. గుత్తివాడినని చెబితే నాకంత మర్యాద అంతకుముందెన్నడూ జరగలేదు. ఆ నీలం ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదట, చూశాక చదువుకున్నాను. రోమాల మీది అతి సూక్ష్మమైన పొరలు వెలుగులో నీలాన్ని మాత్రమే తిప్పికొడతాయి. టరంటులాల్లో నీలం ఇలా కనీసం ఎనిమిదిసార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది.

పందెంలో మీరు గెలిచింది ఏమిటో రాయలేదు. చీర అయితే నాకు చెప్పనక్కర్లేదు, మిఠాయి అయితే మాత్రం చిరునామా పత్రిక వాళ్ల దగ్గర ఉంది.

ప్రశ్న: బరువు తగ్గడానికి "కారలూమా" క్యాప్సూల్స్ అని ఫోన్‌లో ప్రకటనలు వస్తున్నాయి. అది మా పొలం గట్టు మీద పెరిగే కుందేటి కొమ్మేనని మా తమ్ముడు అంటాడు. చిన్నప్పుడు పచ్చివి ఉప్పద్దుకుని తిన్నాం. అవి తింటే సరిపోతుందా, కొనాలా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీ తమ్ముడిది సరైన మాటే. ఆ క్యాప్సూల్స్‌లో వాడేది ఇదే మొక్క, లేదంటే దీని దగ్గరి రకం. పొలం పనుల్లోనూ అడవిలోనూ తిరిగేవాళ్లు ఆకలీ దాహమూ ఆపుకోవడానికి దీన్ని నమలడం పాత అలవాటు, ఆ అలవాటు నుంచే ఈ వ్యాపారం పుట్టింది. బెంగళూరులో జరిగిన ఒక పరిశోధన 2007లో అచ్చయింది. రెండు నెలలు సారం తీసుకున్నవాళ్లకి ఆకలి, నడుం చుట్టుకొలత కొంత తగ్గాయి, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్యాప్సూల్‌కి పెట్టే డబ్బుతో ఏం చేయాలో మీ ఇష్టం.

పచ్చడి చేసుకుని తినేవాళ్లని నేను వద్దనను. నాకూ ఇష్టమే. పలకల అంచులు చెక్కేసి, నూనెలో మగ్గబెట్టి, చింతపండూ ఎండుమిరపకాయలూ వేసి నూరితే ఆ చేదు అన్నంలో బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: కాడ తుంచగానే పాలు కారితే అది కుందేటి కొమ్ము కాదు. జెముడు జాతుల పాలు కంట్లో పడితే ప్రమాదం, కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు. కుందేటి కొమ్ము రసం నీళ్లలా ఉంటుంది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని మందులా రోజూ తినాలనుకుంటే ముందు డాక్టరుకి చెప్పండి. పీకేటప్పుడు మొదలంటా పీకకుండా పై కాడలు తుంచుకోండి, వచ్చే వానకి మళ్లీ వస్తాయి.

ప్రశ్న: గుత్తి సాలీడు మా నంద్యాల అడవిలోనే ఉందని చదివాను. సెలవుల్లో ఫ్రెండ్స్‌తో వెళ్లి వెతకొచ్చా? కరిస్తే చచ్చిపోతామా?
– డిగ్రీ విద్యార్థి, నంద్యాల

జవాబు: నాయనా, చచ్చిపోరు. దీని కాటుకి ఎవరూ చనిపోయినట్టు దాఖలా లేదు. కానీ నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉంటాయి. పరీక్షల ముందు అక్కర్లేని టెన్షన్.

వెతకడం మాత్రం వద్దు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం నేరం, అది ఒక సంగతి. ఇంకోటి, ఈ సాలీడు ఉండేది పాత పెద్ద చెట్ల తొర్రల్లో. దాన్ని బయటికి లాగాలంటే బెరడు ఊడదీయాలి, తొర్ర పగలగొట్టాలి. అలాంటి చెట్టు మళ్లీ తయారవడానికి మీ వయసు చాలదు. ప్రపంచం మొత్తంలో ఇది అడవిలో బతికే చోటు వంద చదరపు కిలోమీటర్లకు లోపే. అందుకే అంతరించే జాతుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని 2008లో తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల్లో చేర్చింది. కట్టెల కోసం చెట్లు నరకడం దీనికి మొదటి శత్రువు, అమ్ముకోవడానికి పట్టుకోవడం రెండోది. 2019లో ఈ ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే సైటిస్ ఒప్పందంలో రెండో అనుబంధంలోకి తెచ్చారు. ఇప్పుడు విదేశాల్లో పెంచేవి ఎక్కువగా అక్కడి పెట్టెల్లోనే పుట్టి పెరిగినవి.

అంతగా మనసు పీకితే నంద్యాలలో గిద్దలూరు వైపు వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చో. గాజులపల్లి దాటాక అడవి మొదలవుతుంది, దిగువమెట్ట దాకా చూసుకుంటూ వెళ్లొచ్చు. సాలీడు కనబడదు, అది ఉండే చెట్లు కనబడతాయి. నేను రెండుసార్లు అలాగే వెళ్లొచ్చాను.

ఇంకా నువ్వు ఫోటో జతచేసి "ఇదేనా" అని అడిగావు. కాదు. మీ బాత్రూం గోడ మీద బల్లపరుపుగా అతుక్కుని ఉన్న ఆ గోధుమరంగుది వేరే సాలీడు, ఇళ్లలో బొద్దింకల్ని తింటుంది. మీ అమ్మగారిని చీపురు పక్కన పెట్టమను.